తడిగడ్డి అంటుకున్న రోజు

2022. ఆళ్లగడ్డ ఫైర్ స్టేషన్‌లో నేను లీడింగ్ ఫైర్‌మ్యాన్‌ని, అంటే బండి మీద వెళ్లే జట్టుకు పెద్దని. వరికోతల కాలం. మాకు ఫోన్ వచ్చేది ఎప్పుడూ అన్నం వేళకే. ఆ రోజూ అంతే. నంద్యాల దారిలోని ఒక పల్లెలో గడ్డివామి కాలుతోందన్నారు.

మేం చేరేసరికి వామి యజమాని ఏసన్న తన సొంత తమ్ముడు దావీదు చొక్కా పట్టుకుని ఉన్నాడు. ఊరంతా చూస్తోంది.

"వీడే పెట్టినాడు సార్. ఈ మధ్యనే నాతో కొట్లాడినాడు," అన్నాడు.

ముందు మంట అదుపు చేసి, వామిని విప్పించాను. పైపొరల్లో చాలాచోట్ల గడ్డి గడ్డిలాగే ఉంది. నడుమ మాత్రం బొగ్గు. మంట లోపలే పుట్టింది.

"ఈ వామి ఎప్పుడేసినావన్నా?" అని అడిగాను.

"మిషన్ కోసిన మర్నాడే, మూడు వారాలాయె. వాన వస్తాదంటే పట్ట కప్పినా."

"ఆరనీ అన్నా అని చెప్పింటి సార్," అన్నాడు దావీదు. "దానికే ఆ కొట్లాట."

అప్పుడు విడమరిచి చెప్పాను. గడ్డీ గాలీ ఎప్పుడూ పక్కపక్కనే ఉంటాయి, అయినా మంట రాదు. మొదలవడానికి ముందు కొంత వేడి అందాలి. ట్రైనింగ్‌లో దాన్ని యాక్టివేషన్ ఎనర్జీ అనేవాళ్లు. మామూలుగా అగ్గిపుల్ల ఇచ్చేది అదే. తడిగడ్డి లోపల కుళ్లు పట్టి వెచ్చబడుతుంది. పట్ట ఆ వేడిని పోనివ్వదు. వేడెక్కిన గడ్డి గాలితో కలిసి ఇంకా వేడి పుట్టిస్తుంది. అలా పెరిగి పెరిగి ఒకరోజు అగ్గిపుల్ల లేకుండానే అంటుకుంటుంది.

ఏసన్న బొగ్గు వైపు కాసేపు చూశాడు.

"తడి గడ్డి దానంతట అదే యాడన్నా అంటుకుంటాదా? నువ్వు గూడా వాని పక్కేనా?"

అతనికి అర్థమైందనే నాకనిపించింది. కానీ ఊరి ముందర తమ్ముడి చొక్కా పట్టుకున్నాక వెనక్కి తగ్గలేకపోయాడు. సాయంత్రం మేం ఇంకా నీళ్లు కొడుతుండగానే, అన్న బర్రెలు పస్తుంటాయని దావీదు ట్రాక్టర్‌లో తన గడ్డి తెచ్చాడు. ఏసన్న దింపనివ్వలేదు.

మరుసటి ఏడు అటు పోతూ ఆగాను. దావీదు దొడ్లో రెండు వాములున్నాయి.

"నీకుండేది రెండు బర్రెలే కదప్పా, ఇంత గడ్డెందుకు?"

"ఒకటి అన్నది సార్. బాగా ఆరబెట్టే వేసినా."

"వచ్చి అడిగినాడా?"

"యాడ సార్. కొని తెచ్చుకుంటాండాడు గానీ ఈడికి రాడు."

కాలిన ఇళ్లు ఎన్నో చూశాను. ఆ రెండో వామిని చూసినంత బాధ ఎక్కడా పడలేదు.

ఇప్పుడు వామి మంటకు పోతే నీళ్లు కొడుతూనే అడుగుతాను, గడ్డి ఎప్పుడు వేశారని. ఎవరి నోటా ఎవరి పేరూ రాకముందే ఆ మాట అడగాలి. ఆ రోజు మేం చేరేసరికే పేరు వచ్చేసింది.