చిన్నకోడలి మూడు స్క్రీన్లు

ఆ ఇంటి పెద్దకోడలికి పాత కంప్యూటర్లు బాగుచేసే కొట్టుంది. ఇల్లు పైన, కొట్టు కింద. కొత్త సాఫ్ట్‌వేర్ మోయలేక ఆయాసపడే కంప్యూటర్లను జనం తెచ్చి ఆమె బల్ల మీద పెట్టి, "ఇక పారేయడమేనా?" అని దిగులుగా అడిగేవారు. ఆమె వాటిలో లినక్స్ అనే తేలికపాటి సాఫ్ట్‌వేర్ ఎక్కించి మళ్ళీ పరుగెత్తించేది. ఎవరికి వారే ఇంట్లో ఎక్కించుకునేలా ఒక పెన్‌డ్రైవ్ కూడా తయారుచేసింది. కానీ అది అడిగే ప్రశ్నలకు బెంబేలెత్తి అందరూ మళ్ళీ కొట్టుకే వచ్చేవారు. అలా వస్తే ఆమెకు లోలోపల బాగానే ఉండేది.

చిన్నకోడలిది ఆసుపత్రుల్లో దారి చూపే బోర్డులు రాసే పని. ఒకరోజు తోడికోడలి భుజం మీంచి కంప్యూటర్‌లోకి తొంగిచూసింది.

"అక్కా, ఇన్ని అడిగితే మనిషి పారిపోడూ? భాష, పేరు, పాస్‌వర్డ్ అడిగి, మిగతాది అదే చూసుకోకూడదా?"

"చెప్పినంత తేలికా?" అంది పెద్దకోడలు.

తేలికే అయింది. చిన్నకోడలు కాగితాల మీద మూడు స్క్రీన్లు గీసిచ్చింది. పెద్దకోడలు ఆ ప్రకారం ప్రోగ్రాం మార్చింది. అత్తగారు కళ్ళజోడు పెట్టుకుని కూర్చుని, పొయ్యి మీద పాలు పొంగేలోగా ఆఖరి బటన్ దాకా వెళ్ళిపోయారు.

"చిన్నది బంగారం! నాక్కూడా అర్థమయ్యేలా చేసింది," అన్నారావిడ.

పెద్దకోడలికి అరికాలి మంట నెత్తికెక్కింది. రాత్రింబవళ్ళు ఒళ్ళు హూనం చేసుకుని పనిచేసింది తను, బంగారం ఇంకొకరు! కొట్టుకు వచ్చేవాళ్ళు సైతం "మూడు స్క్రీన్లమ్మ లేరా?" అని అడగసాగారు. ఊరి లైబ్రరీలో ఆ పెన్‌డ్రైవ్ ప్రదర్శనకు రోజు కూడా ఖాయమైంది. "మనకెందుకు తట్టలేదో చూడు," అన్నాడు భర్త. ఆ పూట అతనికి ఎవరూ మారు వడ్డించలేదు.

ఆ మంటలోనే తప్పులు వెతకడానికి కూర్చుంది. ఒకటి దొరికింది. కంప్యూటర్‌లో రెండు డిస్కులుంటే, ప్రోగ్రాం ఎవరినీ అడక్కుండా పెద్ద డిస్కును చెరిపేస్తోంది. చెప్పాలని లేచింది. పక్కగదిలో అత్తగారూ చిన్నకోడలూ ఏదో చెప్పుకుని నవ్వుతున్నారు. 'లైబ్రరీలో అందరి ముందూ తెలుస్తుందిలే' అనుకుని మళ్ళీ కూర్చుంది.

లైబ్రరీలో ప్రదర్శన రోజున అందరికంటే ముందు ఆడపడుచు తన కంప్యూటర్ మోసుకొచ్చింది. ఆమె ఫొటోగ్రాఫర్. ఫొటోలకని అందులో రెండో డిస్కు బిగించింది పెద్దకోడలే. ఆ సంగతి గుర్తొచ్చేసరికి ఆడపడుచు వేలు ఆఖరి బటన్ మీదికి పోతోంది. పెద్దకోడలు ఒక్క ఉదుటున వెళ్ళి ప్లగ్గు పీకేసింది.

"ఇదేం పని వదినా!"

"నొక్కి ఉంటే నీ ఫొటోలన్నీ పోయేవి."

చిన్నకోడలి ముఖం పాలిపోయింది. "నీకు ముందే తెలుసా అక్కా?"

"తెలుసు."

"మరి చెప్పలేదేం?"

"చెప్పబుద్ధి కాలేదు. అందరూ నిన్నే పొగుడుతుంటే ఒళ్ళు మండింది."

"మండితే నన్ను నాలుగు తిట్టాల్సింది. నాకు డిస్కుల గొడవ ఏం తెలుసు? ఆ ప్రోగ్రాం రాసింది నువ్వేగా!"

ఆడపడుచు కంప్యూటర్ ఎత్తుకుని వెళ్ళిపోయింది.

మర్నాడు తోడికోడళ్ళిద్దరూ కొట్టులో ఎడమొహం పెడమొహంగానే కూర్చుని నాలుగో స్క్రీన్ చేర్చారు. రెండు డిస్కులున్నప్పుడే అది కనిపిస్తుంది. పెద్దకోడలు చాంతాడంత హెచ్చరిక రాసింది. చిన్నకోడలు చదివి, అంతా కొట్టేసి, ఇలా రాసింది: "దీంట్లో ఉన్నవన్నీ చెరిగిపోతాయి. ఇదేనా?" డిస్కు పేరు కింద, అందులోని ఫోల్డర్ల పేర్లు కూడా చూపించమంది.

ఇంత చిన్న మాట తనకెందుకు తట్టలేదా అని పెద్దకోడలి కడుపు మళ్ళీ భగ్గుమంది. ఈసారి మాత్రం దాచుకోలేదు.

"నీ అసాధ్యం కూల! ఎంత బాగా రాశావే," అంది పళ్ళు కొరుకుతూ.