పేరు పెట్టి పిలవని నేస్తం

కళింగపట్నం ఒడ్డున ఎండుచేపలు అమ్ముకునే దుర్గకి నోరు పెద్దదని పేరు. ఆమె గంప దగ్గర బేరమాడేవాళ్ళు రెండో మాట ఎత్తరు. అంత నోరున్న మనిషీ ముప్పై ఏళ్ళుగా ఒక్క మాట మాత్రం కడుపులో దాచుకుని తిరుగుతోంది.

ఆమెకి పదకొండేళ్ళప్పుడు పక్కింటి చిన్నతల్లి కూతురు కూర్మమ్మతో నేస్తం కట్టారు. అమ్మవారి గుడి ముందు ఇద్దరికీ కొత్త గౌన్లు తొడిగి, ఒకరి చేత ఒకరి నోట్లో బెల్లం ముక్క పెట్టించారు. ఆ పూట నుంచి ఒకరినొకరు నేస్తం అనే పిలుచుకోవాలి. పేరు నోట వస్తే మొగుడి పేరు చెప్పినంత తప్పు. మిగతా పిల్లలు నాలుగు రోజులకే ఆ సంగతి మరిచిపోయేవారు. దుర్గ పట్టిన పట్టు విడిచే రకం కాదు.

మరుసటి వేసవిలో వంశధార సముద్రంలో కలిసే చోట ఇద్దరూ గవ్వలు ఏరుతుండగా కూర్మమ్మ కాలి కింద ఇసుక జారి, లోతు నీళ్ళలో పడిపోయింది. దుర్గ ఒడ్డంట పరిగెడుతూ "నేస్తం, నేస్తం" అని గొంతు చించుకుంది. ఊళ్ళో ప్రతి ఆడపిల్లకీ ఒక నేస్తం ఉంది. ఎవరో ఆడుకుంటున్నారనుకుని ఎవరూ తలెత్తలేదు. వలలు బాగుచేసుకుంటున్న మగాళ్ళ దగ్గరికి ఆమె చేరేసరికి అంతా అయిపోయింది.

పేరు పెట్టి అరిచుంటే ఎవరో ఒకరు వచ్చేవారు. దుర్గ దాచుకున్న మాట ఇదే. పిచ్చిది, ఎవరితోనైనా చెప్పుకుంటే బరువు కాస్త దిగేది. కానీ చిన్నతల్లిది పక్కిల్లే. ఆ తల్లికి తెలిస్తే మొహం ఎలా చూపిస్తుంది? అందుకే నోరు మూసుకుని, ఆమెకి జ్వరమొస్తే గంజి కాచిపోసింది, కళ్ళ ఆపరేషనుకి శ్రీకాకుళం తీసుకెళ్ళింది, కన్న కూతురైనా అంత చెయ్యదని అందరిచేతా అనిపించుకుంది. ఆ మెచ్చుకోలు విన్న ప్రతిసారీ దుర్గకి అన్నం సయించేది కాదు.

మొన్న మాఘంలో సినిమా వాళ్ళు దిగారు. ఇద్దరు ఆడపిల్లల చిన్ననాటి స్నేహం మీద సినిమా అట. తీసే అమ్మాయి అనూరాధది విజయనగరం. దుర్గ చిన్నతల్లి చెయ్యి పట్టుకుని షూటింగు చూపించడానికి తీసుకెళ్ళింది. సినిమాలో పిల్లలు నేస్తం కట్టుకుని కూడా పేర్లతో పిలుచుకుంటుంటే ఆమె నోరు ఊరుకోలేదు.

"నేస్తాలు పేరెట్టి పిలుసుకోరమ్మా. నేస్తం అనే అంటారు."

అనూరాధ సంబరపడి అప్పటికప్పుడు మార్చేసింది. పడవ చాటున దాక్కున్న పిల్ల కోసం రెండో పిల్ల ఒడ్డంట పరిగెడుతూ "నేస్తం" అని పిలిచింది. సరిగ్గా రాలేదని మళ్ళీ పిలిపించారు, మళ్ళీ. మూడోసారికి దుర్గ ఇసుకలో కూలబడి ఏడ్చేసింది.

"పిన్నీ, ఆ దినం నేను పేరెట్టి అరవనేదు. అరిసుంటే నీ కూతురు బతికేది."

చిన్నతల్లి ఆమె పక్కనే ఇసుకలో కూర్చుంది.

"నీ గొంతు నాకు తెలీదేటే," అంది. "నువ్వే అరుస్తన్నావని తెల్సు. నా కూతుర్నే పిలుస్తన్నావనీ తెల్సు. ఆటనుకున్నాను. ఎండేసిన సేపలు సగమే తిరగేసున్నాను. మిగతా సగం తిరగేసి మరీ లేసాను."