తీర్థం అనుకుని తాగిన మందు

ఆ రోజు మా తోటలో కోత మొదలై మూడో రోజు. ఆగిరిపల్లి దగ్గర మాది పదెకరాల మామిడితోట. షెడ్డులో కూర్చుని చిన్నరసాలు ఏరుతున్నాను. తొడిమ ఊడి సొన కారినవి ఒక పక్కకి, బాగున్నవి గడ్డి పరిచిన ట్రేలలోకి. కాయలు కోయడానికి వచ్చిన నాగమణి తన మూడు నెలల పాపని షెడ్డు దూలానికి కట్టిన చీర ఉయ్యాలలో పడుకోబెట్టి వెళ్ళింది. ఉయ్యాల తాడు నా కాలి బొటనవేలికి చుట్టుకుని ఊపుతూ పని చేసుకుంటున్నాను.

ఉన్నట్టుండి పొత్తికడుపులో ఎడమ పక్క కత్తి దిగినట్టు నొప్పి వచ్చింది. కళ్ళు బైర్లు కమ్మాయి. ఊపే కాలు ఆగిపోయింది. పాప ఏడుపు విని నాగమణి కాయలు కోసే చిక్కం కర్ర అక్కడే పడేసి పరిగెత్తుకొచ్చింది.

"పద్మగారూ, ఏంటండీ అలా ఉన్నారు? మొహంలో నెత్తురు చుక్క లేదు!"

"ఏం లేదులే, నెలసరి నొప్పే" అన్నాను.

"ఇదేం నెలసరి నొప్పండీ? నాకు కాన్పులో కూడా ఇట్టా లేదు" అంటూ తన సీసాలో నీళ్ళు తాగించింది. అది అంత గట్టిగా అనకపోతే నేను ఆసుపత్రికి వెళ్ళేదాన్ని కాదు. దానికి రుణపడి ఉన్నాను.

చిన్నప్పుడు నాకు ఆయాసం ఎక్కువ. అందుకని అమ్మ నన్ను బడికి పంపకుండా ఇంట్లోనే చదువు చెప్పింది. చదవడం, రాయడం, స్తోత్రాలు అన్నీ ఆవిడ దగ్గరే నేర్చుకున్నాను. నొప్పి వస్తే ఎవరికైనా చెప్పాలన్నది మాత్రం ఆవిడ నేర్పలేదు. ఆవిడకీ ఎవరూ నేర్పి ఉండరు.

అప్పటికి పెళ్ళయి ఐదేళ్ళు. మా ఇంట్లో పొద్దున్నే దీపం పెట్టే పని నాది. నెలసరి రోజుల్లో పూజగదిలోకి వెళ్ళను కాబట్టి ఆ పొద్దున "అత్తయ్యా, ఇవాళ దీపం మీరు పెట్టండి" అని చెప్తాను. ఆ ఒక్క మాటతో ఇంట్లో అందరికీ తెలిసిపోతుంది, ఈ నెల కూడా లేదని. అత్తయ్య "సరేలే" అంటారు. అంతకు మించి ఒక్క మాట అనరు. ఐదేళ్ళలో ఆ "సరేలే" ఎన్ని రకాలుగా విన్నానో నాకే తెలుసు. ఆ మాట చెప్పక్కర్లేని నెల ఒక్కటి ఇవ్వమని అమ్మవారిని అడగని రోజు లేదు.

నూజివీడులో స్కానింగ్ తీశారు. ఎడమ ఓవరీలో చాక్లెట్ సిస్ట్ ఉందన్నారు. మావారు "చాక్లెట్ ఏంటండీ?" అని అడిగితే, నెత్తురు గూడుకట్టి ఆ రంగులో ఉంటుందని, ఆ జబ్బుని ఎండోమెట్రియోసిస్ అంటారని చెప్పి విజయవాడ పంపారు. అక్కడి డాక్టరుగారు రక్తపరీక్షల కాగితం చూసి నిదానంగా చెప్పారు.

"ఏ.ఎం.హెచ్. తక్కువగా ఉందమ్మా. అంటే అండాల నిల్వ తగ్గింది. నీకు ముప్ఫై ఒకటే, కానీ నీ ఓవరీలు వయసులో నీకంటే పెద్దవి. ఎదురుచూస్తూ కూర్చోవద్దు."

వానాకాలంలో ఆ సిస్ట్ తీసెయ్యడానికి లాప్రోస్కోపీ ఆపరేషన్ అయింది. నొప్పి చాలావరకు తగ్గింది. ఏడాది చూశాం. ప్రతి నెలా అత్తయ్యకి దీపం అప్పజెప్పాను. చివరికి ఐ.వి.ఎఫ్. మొదలుపెట్టాం. పది రోజులు పొట్టకి ఇంజెక్షన్లు. మావారే చేసేవారు. "కళ్ళు మూసుకో" అని నాతో చెప్పి, ముందు తనే మూసుకునేవారు. ఎగ్ పికప్‌లో ఐదు అండాలు వచ్చాయి. చివరికి రెండు పిండాలు నిలిచాయి.

"రెండు మంచి బ్లాస్టోసిస్టులు. ఫ్రీజ్ చేసి ఉంచాం. కాస్త ఒళ్ళు కుదుటపడ్డాక ఒక్కోటి పెడదాం. నీ ఏ.ఎం.హెచ్.కి ఇంకోసారి పికప్ చేస్తే ఏం వస్తుందో చెప్పలేను. ఈ రెండింటినీ జాగ్రత్తగా చూసుకోవాలి" అన్నారు డాక్టరుగారు.

ఆ రెండూ విజయవాడలో ఏదో గదిలో చలిలో ఉన్నాయి. నేను ఇక్కడ నలభై డిగ్రీల ఎండలో ఉన్నాను. వాటికి చలి వేస్తుందా అని నర్సుని అడిగాను. నవ్వలేదు ఆ పిల్ల. "నిద్రపోతున్నట్టే మేడమ్" అంది. నిద్ర లేనిది నాకే.

ఆసుపత్రి వరండాలో విస్సన్నపేట ఆవిడ ఒకరు పరిచయమయ్యారు. నాకంటే పెద్ద, వదినా అని పిలిచేదాన్ని. నా కళ్ళ కింద నలుపు చూసి, "ఆక్యుపంక్చర్ చేయించుకోరాదూ? నాకు కడుపు పండలేదనుకో, నిద్ర మాత్రం పట్టింది" అన్నారు. ఆ మాట నమ్మాలనిపించింది. లేనిది ఉందని చెప్పలేదు ఆవిడ.

సూదుల డాక్టరమ్మకి అరవై ఏళ్ళుంటాయి. ముందు నాలుక చూపించమన్నారు. తర్వాత రెండు చేతులూ పట్టుకుని నాడి చాలాసేపు చూశారు. "కాళ్ళు ఎప్పుడూ ఇలా చల్లగానే ఉంటాయా? పొద్దున లేవగానే ఏ ఆలోచన వస్తుంది?" అని అడిగారు. అప్పటిదాకా ఎవరూ అడగని ప్రశ్నలవి. సూదులు వెంట్రుకంత సన్నంగా ఉన్నాయి. చీలమండ దగ్గర, పొట్ట మీద, చెవికి పెట్టారు. కనుబొమల మధ్య ఒకటి పెట్టాలన్నారు.

"బొట్టు తియ్యాలా అండీ?"

"అక్కర్లేదమ్మా. బొట్టుకి దారిచ్చి కాస్త పైన పెడతాను."

నిద్రపోయాను. అరగంట తర్వాత ఆవిడ లేపేదాకా తెలియలేదు.

ఇంటికొచ్చి చెప్తే అత్తయ్య బుగ్గన వేలేసుకున్నారు. "సూదులకే కడుపు పండేటట్టయితే మన గట్టు మీద తుమ్మచెట్టు కింద పడుకుంటే పోయేదిగా! విజయవాడ దాకా ఎందుకు?" మావారు నవ్వు ఆపుకోలేకపోయారు. నేనూ నవ్వాను. ఆ ఇంట్లో ఆ విషయం మీద మేం నవ్వడం అదే మొదటిసారి.

వారానికోసారి వెళ్ళేదాన్ని. మూడో వారం డాక్టరమ్మ చైనా వైద్యం మందు ఒకటి ఇచ్చారు. ఏవో వేళ్ళూ బెరళ్ళూ కలిపిన గోధుమరంగు పొడి. రోజుకి రెండుసార్లు వేడినీళ్ళలో కలుపుకుని తాగాలి. అందులో ఏమేం ఉన్నాయో ఒక కాగితం మీద రాసిచ్చి, "ఇది మీ ఐ.వి.ఎఫ్. డాక్టరుగారికి చూపించి, ఆవిడ సరేనంటేనే మొదలుపెట్టండి" అని రెండుసార్లు చెప్పారు.

నేను చూపించలేదు. మరిచిపోయానని రాస్తే అబద్ధమవుతుంది. ఆవిడ వద్దంటారేమోనని భయపడ్డాను. ఒక్క దారి కూడా మూసుకుపోకూడదన్న ఆశ అది.

మా ఇంట్లో కొత్తగా ఏది వచ్చినా ముందు అమ్మవారి దగ్గర పెట్టడం నా అలవాటు. ఆ పొడి డబ్బా కూడా పూజగదిలో పెట్టాను. కాగితం పటం వెనక దోపాను. పొడి కలిపి, అందులో ఒక తులసిదళం వేసి, అమ్మవారికి చూపించి, కళ్ళకద్దుకుని తాగేదాన్ని. ఇంగ్లీషు మందులు ఫ్రిజ్‌లో ఉండేవి, ఇది దేవుడి దగ్గర ఉండేది. వారం తిరిగేసరికి నా మనసులో అది మందు కాకుండా పోయింది. తీర్థమైపోయింది. అందుకే ట్రాన్స్‌ఫర్ కోసం, అంటే పిండం లోపల పెట్టడం కోసం, ఈస్ట్రోజన్ మాత్రలు మొదలుపెట్టే రోజు సిస్టర్ "వేరే మందులేమైనా వాడుతున్నారా?" అని అడిగితే "లేవండి" అన్నాను. నోరు తడబడలేదు కూడా.

మాత్రలు మొదలైన పది రోజులకి అన్నం సయించడం మానేసింది. ఒళ్ళంతా దురద. ఒక పొద్దున పెరట్లో వాంతి చేసుకుంటుంటే అత్తయ్య వంటింట్లోంచి పరుగున వచ్చారు. ఆవిడ మొహంలో అంత వెలుగు నేనెప్పుడూ చూడలేదు.

"ఏమ్మాయ్, వాంతులా?"

"ఇంకా లోపల ఏమీ పెట్టలేదత్తయ్యా" అన్నాను. ఆ వెలుగు ఆరిపోవడం చూడాల్సి వచ్చింది.

ఆసుపత్రిలో ఎల్.ఎఫ్.టి. అని లివర్ పరీక్ష చేశారు. లివర్ ఎంజైములు బాగా పెరిగాయి. డాక్టరుగారు కుర్చీ నా వైపు జరుపుకున్నారు. "నిజం చెప్పు పద్మా. ఇంకేం తీసుకుంటున్నావు?"

"మందులేమీ లేవండీ... పొద్దున తీర్థం, అంతే."

"ఏం తీర్థం?"

అప్పుడు చెప్పాను. మావారు నా వైపు తిరిగి చూశారు. పూజగదిలో డబ్బా రోజూ చూస్తూనే ఉన్నారు, విభూతి అనుకున్నారట.

"ఆ పొడి వల్లేనని నేను తేల్చి చెప్పలేను. నా మాత్రల వల్ల కూడా కావచ్చు. కానీ నాకు తెలియకపోతే దేన్ని ఆపాలో నాకెలా తెలుస్తుందమ్మా?" అన్నారు డాక్టరుగారు. తిట్టి ఉంటే బాగుండేది. "ఈ సైకిల్ క్యాన్సిల్. లివర్ నార్మల్ అయ్యేదాకా పిండం పెట్టను. ఉన్నవి రెండే."

సూదుల డాక్టరమ్మకి ఫోన్ చేశాను. "ఆ కాగితం నేను రాసింది మీ అమ్మవారికి చూపించమని కాదు తల్లీ, డాక్టరుగారికి" అన్నారు. తర్వాత ఆవిడే, "నాదీ తప్పుంది. నేనే ఒక మాట వాళ్ళని అడిగి ఇవ్వాల్సింది" అన్నారు. ఆ సాయంత్రమే డాక్టరుగారితో మాట్లాడారట. పొడి పూర్తిగా ఆపేశారు. సూదుల గురించి డాక్టరుగారు నాకు చెప్పింది ఇది: "సూదుల వల్ల గర్భం నిలుస్తుందని నేను చెప్పను. నీకు నిద్ర పడుతోందంటే వెళ్ళు, అడ్డు చెప్పను."

మర్నాడు మావారు తోట నుంచి ఒక నోటుపుస్తకం తెచ్చారు. మోటారు షెడ్డులో మేకుకి దారంతో వేలాడే పుస్తకం లాంటిదే, కొత్తది. మా పెళ్ళయిన రెండో ఏడు, తోట గుత్తకి తీసుకున్నాయన పూతకి మందు కొట్టించాడు. అది తెలియక మావారు కూడా అదే వారంలో ఇంకో మందు కొట్టించారు. పూతంతా మాడిపోయింది. అప్పటి నుంచి ఏ మందు, ఏ రోజు, ఎవరు కొట్టారో ఆ పుస్తకంలో రాయందే ఎవరూ పంపు ముట్టుకోరు.

"చెట్లకి రాసుకున్నాం. నీకు రాసుకోలేదు" అన్నారు. ఆయన నన్ను అన్నది అంతే. పుస్తకాన్ని వంటింట్లో క్యాలెండరు పక్కన తగిలించారు.

రెండు నెలలకి లివర్ నార్మల్ అయింది. మళ్ళీ మాత్రలు, ఇంజెక్షన్లు, ఈసారి అన్నీ రాసుకుంటూ. ట్రాన్స్‌ఫర్ రోజు స్క్రీన్ మీద నువ్వుగింజంత తెల్లటి చుక్క చూపించారు డాక్టరుగారు. "అదిగో, అక్కడ పెట్టాను." నేను చేతులు జోడించాను. పద్నాలుగో రోజు గర్భం వచ్చిందో లేదో చూసే రక్తపరీక్ష, బీటా హెచ్.సి.జి., చేశారు.

"పాజిటివే, కానీ తక్కువగా ఉంది. రెండు రోజుల్లో రెట్టింపు కావాలి."

ఆ రెండు రోజులు నేను నెమ్మదిగా నడిచాను. నెమ్మదిగా కూర్చున్నాను. దీపం పెట్టేటప్పుడు పొట్ట మీద చెయ్యి పెట్టుకుని, చూడు అని అమ్మవారికి చూపించాను. మూడో పొద్దున రిపోర్టులో అంకె సగానికి పడిపోయింది. బయోకెమికల్ ప్రెగ్నెన్సీ అని రాశారు, అంటే పరీక్షలో కనిపించి నిలవకుండా పోయిన గర్భం. మందులు ఆపిన నాలుగు రోజులకి, గుమ్మం దగ్గర కూర్చుని, "అత్తయ్యా, ఇవాళ దీపం మీరు పెట్టండి" అన్నాను.

ఆవిడ "సరేలే" అనలేదు. వచ్చి నా పక్కన కింద కూర్చున్నారు. ఆ మోకాళ్ళతో కింద కూర్చోవడం ఆవిడకి ఎంత కష్టమో నాకు తెలుసు.

"రెండు రోజులైనా వచ్చిందిగా అమ్మాయ్. మన ఇల్లు ఎక్కడుందో చూసుకుని వెళ్ళింది."

ఇప్పుడు తోటలో పిందెలు ఉసిరికాయంత అయ్యాయి. రాలిన పిందెల్ని ఏరుకొచ్చి నాగమణి కూతురు నా ఒళ్ళో పోస్తుంది. ఆ రోజు నేను ఉయ్యాల ఊపడం ఆపేస్తే ఏడ్చిన పాపే. మూడేళ్ళు నిండాయి. దానికి ఉప్పు అద్ది పిందె ముక్క పెడితే ఒక కన్ను మూసి తింటుంది. అది వెళ్ళిపోయాక ఒళ్ళు తేలికైపోతుంది, ఆ తేలిక నాకు గిట్టదు. రెండో పిండాన్ని ఈ నెలాఖరున పెడతామన్నారు. అదే ఆఖరిది. నిలుస్తుందని డాక్టరుగారు మాట ఇవ్వలేదు, నేనూ అడగలేదు. గురువారం గురువారం సూదులకి వెళ్తున్నాను, రాత్రి నిద్రపోతున్నాను. కోత మొదలయ్యేసరికి ఉయ్యాలలు కడతారు. వాటిని ఊపేది నేనే. ఎలాంటి మనసుతో ఊపుతానో ఇంకా తెలియదు. ఇంతమంది చేతుల మీదుగా నన్ను ఇక్కడిదాకా తెచ్చిన అమ్మవారికి మాత్రం రోజూ దణ్ణం పెట్టుకుంటున్నాను.

ఇది చదువుతున్న అక్కచెల్లెళ్ళకి నేను చెప్పగలిగింది ఒక్కటే. నోట్లోకి వెళ్ళే ప్రతిదీ ఒకే పుస్తకంలో రాయండి. మాత్ర, కషాయం, పొడి, ఎవరో ప్రేమతో ఇచ్చిన వేరు, దేవుడి దగ్గర పెట్టినది, ఏదైనా సరే. ఆ పుస్తకాన్ని మీకు వైద్యం చేసే అందరికీ చూపించండి. ఏది మందో, ఏది కాదో మీరు తేల్చుకోకండి. వాళ్ళని తేల్చనివ్వండి.

నిన్న అత్తయ్య గుడికి వెళ్ళొచ్చారు. చిన్న చెంబులో తీర్థం తెచ్చారు. నేను కుడిచెయ్యి పట్టాను. ఆవిడ చెంబు వంచబోయి ఆగారు. క్యాలెండరు పక్కకి వెళ్ళి, మేకు మీద నుంచి పుస్తకం తీసి నా చేతికిచ్చారు.

"ముందు రాయి. పూజారిగారిని అడిగొచ్చాను. నీళ్ళు, తులసి, కాస్త పచ్చకర్పూరం. యాలక్కాయ కూడా వేశార్ట ఇవాళ."

రాశాను. కళ్ళకద్దుకుని పుచ్చుకున్నాను.