బొమ్మలో ఉన్నట్టే పూసింది

మా నాయిన సత్తుపల్లి ఓపెన్ కాస్ట్ బొగ్గు గనిలో డంపర్ నడిపి రిటైరయినంక, పెనుబల్లి దగ్గర మా సొంతూళ్లో ఇల్లు కట్టుకున్నడు. ఇంటి ముందర కొంచెం జాగా మిగిలింది. అందులో వంకాయలు, బెండకాయలు పెడదామని అమ్మ అంటే వినలేదు. ఇన్నేండ్లు బొగ్గే చూసిన, ఇప్పుడన్న రంగు చూడనియ్యి అన్నడు. బంతి పెడతా అన్నడు. నేను మండలంలోనే బడి టీచర్‌ని. వాళ్లతోనే ఉంటున్న.

మొదటి యేడు సత్తుపల్లిల ఒక విత్తనాల షాపు నుంచి ప్యాకెట్ కొనుక్కొచ్చిండు. దాని మీద నారింజ రంగు ముద్దబంతి బొమ్మ, దోసిలి నిండేంత పువ్వు. "బొమ్మలకేంది, ఎట్లన్న ఏస్తరు" అని అమ్మ నవ్వింది. కానీ చెట్లు అన్నీ ఒకే ఎత్తు పెరిగినయి, ఒకే రంగు పూసినయి, పూలు బొమ్మలో ఉన్నట్టే ఉన్నయి. బతుకమ్మకు మా వాడ ఆడవాళ్లందరూ గంపలు పట్టుకుని మా ఇంటికే వచ్చిన్రు. నాయిన వాకిట్లో కుర్చీ వేసుకుని కూర్చొని, "వచ్చే యేడు గూడ ఎవ్వరు పూలు కొనొద్దు, నేనిస్త" అని మాటిచ్చిండు. పిల్లలు ఆయనను బంతిపూల తాత అనడం మొదలుపెట్టిన్రు. డ్యూటీలో ఉన్నన్నాళ్లూ షిఫ్టుల తోటి ఇంట్లోనే సరిగ్గ కనబడని మనిషి. ఆ పిలుపు వినబడ్డప్పుడల్లా ఆయన ముఖం ఎట్ల విప్పారేదో నాకు తెలుసు.

మరుసటి యేడు వానలు పడంగనే నాయిన మళ్లీ మడి చేసిండు. "ఇత్తనాలు తెచ్చినవా?" అని అమ్మను అడిగిండు. అమ్మ బీపీ గోళీల కోసం సత్తుపల్లి పోయి వచ్చింది అప్పుడే. "ప్యాకెట్ ఉంది, అల్మారిల చూడు" అన్నది. నేనే తీసి ఆయన చేతిలో పెట్టిన. అదే బొమ్మ, అదే ప్యాకెట్. నాయిన కింది మూల కత్తెరతో కత్తిరించి చల్లిండు.

చెట్లు పెరిగినయి గానీ ఒకటి నా మోకాలంత, ఒకటి నా భుజమంత. మొదటి మొగ్గ విచ్చితే పలుచగా, పసుపు రంగు, ఒంటి రెక్క. ఇంకోటి ఇటుక రంగు. కొన్ని ముద్దగానే పూసినయి గానీ నిమ్మకాయంత కూడా లేవు. వాడలో వాళ్లు దారిన పోతూ ఆగి చూసేవాళ్లు. పక్కింటి వదిన ఒకరోజు "ఈ యేడు రకం మార్చిన్రా మామా?" అని మామూలుగానే అడిగింది. నాయిన ఇంట్లోకి వచ్చి, ఆ ప్యాకెట్ ఎక్కడ పెట్టినవని నన్ను అడిగిండు.

ఆదివారం ఇద్దరం సత్తుపల్లి పోయినం. నాయిన ఒక యూరియా సంచిలో చెట్లు వేళ్లతో సహా పీక్కొని వచ్చిండు. షాపు నిండా రైతులు, పురుగుమందుల కోసం వచ్చినోళ్లు. నాయిన సంచి కౌంటర్ మీద బోర్లించిండు. మట్టి అంతా గాజు మీద పడ్డది.

"ఏంది సేటూ ఇది? బొమ్మ ఒకటి, పువ్వు ఒకటి. మేం మనుషుల లెక్క కనబడతలేమా మీకు?"

షాపాయన నా ఈడు మనిషే. చెట్లను చూసిండు. "ప్యాకెట్ ఉందా పెద్దాయనా?" అని అడిగిండు.

ప్యాకెట్ నా బ్యాగులోనే ఉంది. తీసి ఇచ్చిన. ఊరుకోలేదు నేను. బళ్లో మాట్లాడినట్టే గట్టిగా మాట్లాడిన. "బొమ్మ చూసే కదా ఎవరైనా కొనేది. నకిలీ విత్తనాలు అమ్మితే వ్యవసాయ ఆఫీసులో కంప్లైంట్ ఇయ్యొచ్చు, తెలుసా మీకు?" అన్న. వెనుక ఒక రైతు, "పోయినసారి మిరప గూడ గిట్లనే అయింది నాకు" అన్నడు. ఇంకొకాయన చేతిలో ఉన్న ప్యాకెట్ కౌంటర్ మీద పెట్టి వెళ్లిపోయిండు.

షాపాయన ప్యాకెట్ అటూ ఇటూ తిప్పిండు. పై అంచు మీద బొటనవేలితో ఒకసారి రాసిండు. నా దిక్కు చూసిండు. ఏదో అంటడనుకున్న. కానీ లోపలికి పోయి రెండు కొత్త ప్యాకెట్లు తెచ్చి నాయిన చేతిలో పెట్టిండు. "ఏమనుకోకు పెద్దాయనా, ఇవి పెట్టు" అన్నడు. పాత ప్యాకెట్ మడిచి నాకే ఇచ్చిండు.

బస్సులో నాయిన హుషారుగా ఉన్నడు. "అడిగితేనే ఇస్తరు బిడ్డా. నువ్వు ఆఫీసు పేరు చెప్పంగనే భయపడ్డడు చూసినవా" అన్నడు. నాక్కూడా గర్వంగానే అనిపించింది.

ఇంటికొచ్చి అమ్మకు జరిగిందంతా చెప్పినం. అమ్మ బియ్యం ఏరుతున్నది. చేట పక్కన పెట్టి, "ఆ ప్యాకెట్ ఏది?" అన్నది. ఇచ్చిన. పై అంచు మడిచి సూదితో కుట్టి ఉంది, అమ్మ జాకెట్లకు వేసే సన్నని కుట్టు. అప్పటిదాకా నా కంట పడనే లేదు.

"ఇవి షాపు ఇత్తనాలు కావు. నిరుటి పూలు ఎండబెట్టి నేనే తీసిన. పాత ప్యాకెట్‌ల పోసి కుట్టి పెట్టిన. మంచి పూలు కదా, మళ్లీ కొనుడెందుకని. ప్యాకెట్ ఉంది అన్న గానీ కొన్న అన్లే కదా."

నాయిన ప్యాకెట్ అందుకుని ఆ కుట్టును కండ్ల దగ్గర పెట్టుకుని చూసిండు. "షాపాయన ఇది చూసిండు" అన్నడు. అవ్, చూసిండు. బొటనవేలితో తడిమి మరీ చూసిండు. నేను ప్యాకెట్ వెనుక చదివిన. హైబ్రిడ్ అనీ, ఈ పంట నుంచి తీసిన విత్తనం మళ్లీ వాడొద్దనీ తెలుగులోనే ఉంది. పిల్లలకు దినాం చదవమని చెప్పేదాన్ని నేను.

బతుకమ్మకు వాడ ఆడవాళ్లు వచ్చిన్రు. ఉన్న పూలే, చిన్నవీ పెద్దవీ, తెంపుకున్నరు. "షాపోడు మోసం చేసిండంట కదా మామా, పాపం" అని ఒకామె అన్నది. ఆ మాట మా ఊరి దాకా ఎట్ల వచ్చిందో తెలియదు. నాయిన తల వంచుకుని బీడీ వెలిగించిండు. నేను గంప సర్దుతున్నట్టు నటించిన. ఇద్దరిలో ఎవరన్నా ఒక్క మాట అంటే సరిపోయేది. అమ్మ తలుపు దగ్గర నిలబడి మా ఇద్దరినీ చూసింది. ఆమె కూడా ఏమీ అనలేదు, మా పరువు కోసమే.

కొత్త ప్యాకెట్లు నాయిన ముట్టుకోలేదు. అమ్మే చల్లింది. కార్తీకం దాటినంక పూసినయి. ఒకే ఎత్తు, ఒకే నారింజ రంగు, పూలు అచ్చం బొమ్మలోవే. ఒక్క చెట్టన్నా తప్పు పూయాలని నేను పొద్దున్నే లేచి వెదికిన, నిజం చెప్తున్న. ఒక్కటి లేదు. నాయిన కుర్చీ వాకిట్ల నుంచి పెరట్లోకి మారింది. వచ్చినోళ్లు "మళ్లీ మంచిగ పూసినయే" అంటే లోపలికి పోయేవాడు.

ఒక ఆదివారం ఇస్త్రీ అంగీ వేసుకుని, "నడువు పోదాం" అన్నడు. నేను బ్యాగు తీసుకుని వెంట నడిచిన.

షాపులో ఆ రోజు కూడా మనుషులున్నరు. వాళ్లు పోయేదాకా నిలబడదామని నేను నెమ్మదిగా అన్న. నాయిన వినలేదు. "సేటూ, తప్పు మాది. అవి మా ఇంట్ల తీసిన ఇత్తనాలు. నువ్వు ఇచ్చినయి మంచిగనే పూసినయి" అని అందరికీ వినబడేటట్టు చెప్పిండు. షాపులో ఎవరికీ ఆ సంగతే తెలియదు. వాళ్లు ఆయన దిక్కు వింతగా చూసి మళ్లీ తమ సామాను చూసుకున్నరు. మేం కొట్లాడిన నాడు మా మాటలు విన్నవాళ్లు ఒక్కరు కూడా అక్కడ లేరు.

"నాకు అప్పుడే తెలిసింది పెద్దాయనా. కుట్టు చూసిన" అన్నడు షాపాయన.

"మరి చెప్పకపోతివి?" అన్న నేను.

"అంతమందిల ఏం చెప్పాలె మేడం, అంత పెద్ద మనిషిని ఎట్ల చిన్నబుచ్చాలె."

నాయిన ఒక బంతి ప్యాకెట్ ఇమ్మన్నడు. షాపాయన కొంచెం తడబడ్డడు. "పూల ఇత్తనాలు పెడతలేను ఇప్పుడు. ఎవ్వరు తీసుకుంటలేరు" అన్నడు. మేం ఆ రోజు అన్న మాట ఎంత దూరం పోయిందో నాకప్పుడు అర్థమయింది. స్టూలు జరిపి నాయినను కూర్చోబెట్టి పక్క హోటల్ నుంచి ఛాయ్ తెప్పించిండు. నాయిన రెండు చేతులతో గ్లాసు పట్టుకుని, ఆయన ముఖం చూడకుండానే తాగిండు.

ఇంటికి రాంగనే అమ్మ ఎదురొచ్చింది. "ఏమన్నడు?"

"ఛాయ్ తాగిపిచ్చిండు" అని చెప్పి నాయిన అంగీ విప్పి దండెం మీద వేసిండు.