వెనక్కి పంపని కప్పు

దిల్‌సుఖ్‌నగర్ మెయిన్ రోడ్డు వెనక సందులో, కోచింగ్ సెంటర్ల మధ్య ఇరుక్కుని ఒక పరీక్షల ల్యాబు ఉంది. పదకొండేళ్ళుగా నేను అందులో పని చేస్తున్నాను. చదివింది అయిదో తరగతే అయినా తెమడ కప్పులు తీసుకునే కిటికీ మాత్రం నాదే. క్షయ ఉందేమోనని డాక్టర్లు పంపిన వాళ్ళందరూ ముందు నా ముందుకే వస్తారు. మూత తీసి చూస్తాను. తెమడ ఉంటే లోపలికి, ఉమ్మి ఉంటే వెనక్కి.

"ఏందయ్యా ఇది? నోట్ల నీళ్ళు దెస్తే ఎట్ల?" అంటాను. "పొద్దుగాల లేవంగనే, ఏం తినకముందు, నోరు పుక్కిలించు. రెండు మూడుసార్లు గట్టిగ ఊపిరి దీస్కొని లోపల్నుంచి దగ్గు. చిక్కగ రావాలె. ఇగో, కొత్త కప్పు."

మూడుసార్లు తిరిగిన ఆటో ఆయన ఒకసారి, "నీ కిటికీ కాడ పాస్ గావుడు కన్నా ఇంటర్ పాస్ గావుడే అల్కగుందక్కా" అన్నాడు. నవ్వాను గాని కప్పు మాత్రం తీసుకోలేదు. అంత మొండిదాన్ని.

మా ల్యాబు సారుది తెనాలి వైపు. పనితో పాటు టెక్నీషియన్ కోర్సు పిల్లలకు చేత్తో చేసి నేర్పిస్తాడు. నేను చీపురు పుల్లలు సమానంగా విరిచి పెడుతూ ఆ పాఠాలన్నీ విన్నాను. తెమడలో చిక్కటి ముక్కను ఆ పుల్లతోనే ఎత్తి గాజు పలక మీద పూస్తారు, దాన్నే స్మియర్ అంటారు. ఆరాక మంట మీద ఒకసారి ఆడించి ఎర్ర రంగు పోస్తారు.

"ఈ క్రిమికి ఒంటి చుట్టూ మైనం లాంటి పొర ఉంటుందమ్మా," అని చెప్పేవాడు సారు. "రంగు ఊరికే ఎక్కదు. కింద నుంచి వేడి చెయ్యాలి. ఆవిరి రావాలి, మరగకూడదు. పొర మెత్తబడి రంగు లోపలికి పోతుంది. ఆ తర్వాత యాసిడ్ పోసి కడిగినా దాని రంగు పోదు. మిగతావన్నీ వెలిసిపోతాయి. ఆ పైన నీలం వేస్తే అవన్నీ నీలం, ఇదొక్కటే ఎరుపు."

వెనకటి కాలంలో ఈ జబ్బు వంశంలోనే వస్తుందని అనుకునేవాళ్ళట. జర్మనీలో ఒక డాక్టరు రంగులు మార్చి మార్చి వేసి, ఓపిగ్గా వెతికి ఆ క్రిమిని పట్టుకున్నాడట. కంటికి ఆనకపోవడమే అప్పటిదాకా దాని బలం అనేవాడు సారు.

ప్రతి బ్యాచ్‌కూ ఇంకో మాట కూడా చెప్పేవాడు. "వంద చోట్లు వెతక్కుండా రిపోర్టు రాయొద్దు. వెతికాక కూడా 'కనబడలేదు' అని రాయండి, 'లేదు' అని కాదు. చుక్కలో వందలకొద్దీ ఉంటే గాని మన కంటికి ఒకటో రెండో దొరకవు. ఇక ఉమ్మిలో వెతికారా, ఎంత మంచి మైక్రోస్కోపైనా అబద్ధమే చెబుతుంది."

ఈ మాట నాకు కంఠస్థం. అందుకే నేను చేసిన పనికి తెలియక చేశానన్న సాకు లేదు.

మా ఆయన పండ్ల మార్కెట్లో హమాలీ. మార్కెట్టు కొత్తపేటలో ఉన్నన్నాళ్ళు నడిచే పోయేవాడు. అది అబ్దుల్లాపూర్‌మెట్ దాటి పోయాక రోజూ తెల్లారకముందే ఎల్బీ నగర్‌లో బస్సెక్కేవాడు. ఆ యేడు వానలప్పుడు పట్టుకున్న దగ్గు చలికాలం వచ్చినా వదలలేదు. సాయంత్రం అయ్యేసరికి ఒళ్ళు వెచ్చబడేది. చొక్కా భుజాల మీంచి జారేది. నా కిటికీకి అలాంటి మనిషి వస్తే మొహం చూసే చెప్పేసేదాన్ని.

పరీక్ష చేయించుకొమ్మంటే కస్సుమన్నాడు. "బీమారి పేరు బయటికొస్తే నా పక్కన మూట పట్టేదెవడే? పోయినేడు ఒకన్నిట్లనే అన్నరు. ఆని గిలాసల చాయ్ గూడ తాగలే ఎవ్వడు."

"ఎవ్వరికి జెప్పను. మా గల్లీల మనిషిదని జెప్పి ఇస్తా. నీ పేరు అక్కడెవరికి తెల్వదు."

వారం బతిమాలితే ఒప్పుకున్నాడు. పొద్దున్నే కప్పు పట్టుకుని వాకిట్లో పంపు దగ్గరికి పోయాడు. నేను తలుపు వెనక చెవి పెట్టి నిలబడ్డాను. దగ్గు వినబడలేదు. చిటికెలో తిరిగొచ్చాడు.

"ఇగో," అని చేతిలో పెట్టాడు.

మూత తీశాను. నీళ్ళలా పలచగా ఉంది. పైన తెల్లటి నురగ. ఇంకెవరైనా తెచ్చి ఉంటే కిటికీలోంచే వాళ్ళ చేతికి తిరిగిచ్చేదాన్ని. బస్సుకు టైమవుతున్నా ఆయన కదలలేదు. రుమాలు తలకు చుట్టుకుంటూ నా మొహం కేసే చూస్తున్నాడు.

నేను మూత పెట్టి సంచిలో వేసుకున్నాను. దారంతా ప్రార్థన చేసుకున్నాను, ప్రభువా, ఏమీ లేదనిపించు అని. ఆ కప్పులో ఏమీ కనబడదని నాకు ముందే తెలుసు. తెలిసే అడిగాను.

ల్యాబులో మా గల్లీ మనిషిదని చెప్పాను. కప్పు ఎలా ఉందో నేను చెబితే కోర్సు అమ్మాయి రిజిస్టర్లో రాస్తుంది. నల్గొండ అమ్మాయి, నెమ్మదస్తురాలు.

"ఎట్లుంది ఆంటీ?"

"మంచిగుంది. రాస్కో."

రాసుకుంది. పలక చేసింది కూడా ఆ పిల్లే. మధ్యాహ్నం సారు మైక్రోస్కోపులోంచి తలెత్తి ఆమెను కేకేశాడు. "ఇదేం స్మియరమ్మా? అన్నీ నోటి పొర కణాలే కనబడుతున్నాయి. చిక్కటి ముక్క తీయమని ఎన్నిసార్లు చెప్పాలి? కప్పు బాగుందని నువ్వే రాశావుగా? నీ చేతిలో ఒక మనిషి ప్రాణం ఉంది, తెలుస్తోందా?"

ఆ పిల్ల తల దించుకుంది. రెండడుగుల దూరంలో నేను పలకలు తుడుస్తున్నాను. తుడుస్తూనే ఉన్నాను.

"ఆయన్ని రేపు ఇంకో శాంపిల్ ఇమ్మనండమ్మా," అన్నాడు సారు నాతో.

"సరే సార్."

ఆ రేపు రాలేదు; ఇంకో కప్పు సంగతి ఇంట్లో నేను ఎత్తనే లేదు. రిపోర్టులో 'కనబడలేదు' అని ఇంగ్లీషులో ఉంది. ఆ మాట ఆకారం నాకు తెలుసు. ఇంటికెళ్ళి, "ఏం లేదంట" అన్నాను. సారు పిల్లలకు వద్దని చెప్పిన మాటనే మా ఆయనకు చెప్పాను. ఆయన చేతులెత్తి దండం పెట్టాడు. ఆదివారం ప్రార్థనలో నేను లేచి నిలబడి, మా ఇంటికి పట్టిన భయం పోయిందని సాక్ష్యం కూడా చెప్పాను. అందరూ చప్పట్లు కొట్టారు. ఆయన అందరికంటే గట్టిగా కొట్టాడు.

నాలుగు నెలలు దగ్గు మందు తాగుతూ మూటలు మోశాడు. ఎండాకాలంలో ఒక పొద్దున పంపు దగ్గర దగ్గుతూ కూలబడ్డాడు. గచ్చు మీద నెత్తురు. ఆ రోజు కప్పులో ఏం పడిందో చూడడానికి మూత తీయక్కర్లేదు.

పలక చేసింది మళ్ళీ నల్గొండ అమ్మాయే. మైక్రోస్కోపు దగ్గర కూర్చున్న కాసేపటికే, "సార్, యాడ జూసినా ఉన్నయి" అంది.

సారు చూసి, "ఎవరమ్మా ఈయన?" అన్నాడు.

"మా ఆయన సార్."

పాత రిజిస్టరు తీయించాడు. అదే పేరు, పక్కన 'బాగుంది'. అప్పుడు చెప్పాను, మొత్తం. సారు తిట్టలేదు. తిట్టినా బాగుండేది. కళ్ళద్దాలు తుడుచుకుంటూ, "ఇంకొకటి తెమ్మన్నాను కదమ్మా" అని మాత్రం అన్నాడు. ఆ పిల్ల నా వైపు తిరిగి, "నా చెయ్యి మంచిది కాదని కోర్సే ఇడిశిపెడదామనుకున్న ఆంటీ" అంది.

మందులు ఆ రోజే మొదలుపెట్టారు. అప్పటికే ఒక ఊపిరితిత్తి పూర్తిగా పోయింది, రెండోది సగం. పెద్ద దవాఖానలో చేర్చారు. మంచానికి అంటుకుపోయినా ఆయన ఎకసెక్కాలు మానలేదు. సిస్టరు మాత్రలు తెస్తే, "ఇన్ని గోలీలా? బువ్వ బందు జేసిన్రా ఏంది?" అనేవాడు.

ఒక మధ్యాహ్నం ఆయన కాళ్ళ దగ్గర కూర్చుని ఒప్పుకున్నాను. "ఆ పొద్దు నువ్విచ్చింది ఉమ్మని నాకు తెలుసు. తెలిసి గూడ తీస్కపోయిన."

ఆయన చాలాసేపు ఊపిరి కూడదీసుకున్నాడు. "ఉమ్మింది నేనే గదనే. నాకు తెల్వదా?" అన్నాడు. "నువ్వు జూసి తిడ్తవనుకున్న. తిడ్తే మల్ల దగ్గి ఇద్దామని నిలవడ్డ. నువ్వేమనలే. ల్యాబుల పనిజేసే మనిషి, ఆమెకే మంచిగ గనవడ్డది, ఇగ నాకేం లేదనుకున్న."

కోపంగా అనలేదు. మార్కెట్లో ఏదో జరిగితే చెప్పినట్టు చెప్పి, మంచినీళ్ళు అడిగాడు. పట్టాను. ఆ తర్వాత తొమ్మిదో రోజు పోయాడు.

పని మానేస్తానంటే సారు ఒప్పుకోలేదు. ఇప్పుడు ప్రతి కొత్త బ్యాచ్‌కూ తెమడ పాఠం మొదలుపెట్టే ముందు నన్ను పిలుస్తాడు. ఇదంతా చెబుతాను. కొందరు రాసుకుంటారు, కొందరు ఫోను చూసుకుంటారు. మొన్నటి బ్యాచ్‌లో ఒకమ్మాయి చెయ్యెత్తింది.

"అయితే ఇంట్లోల్లయి మనం తీసుకోవద్దా ఆంటీ?"

"తీస్కో బిడ్డా. కాని మూత దియ్యకు. తెచ్చి పక్కపిల్ల ముందట వెట్టు. మంచిగుందా లేదా అన్నది ఆమెను జెప్పనియ్యి. వాపసియ్యమంటే, ఏడ్చుకుంటనన్న వాపసు తీస్కపో."