గేజి తనలోంచి కలిపిన గాలి

నేను రిటైరవడానికి రెండేళ్ల ముందు, ఒక మార్చి నెలలో, సింగపూర్ జురాంగ్‌లోని పరికరాల కంపెనీ నన్ను వాక్యూమ్ విభాగానికి సీనియర్ ఇంజనీరుగా వేసింది. స్టీలు ఛాంబర్లలోంచి గాలి తోడేసి, లోపల దాదాపు ఏమీ లేదని కస్టమరుకు రాసివ్వడం మా పని. ఏమీ లేనిదానికి ఇంత జీతమా అని మా ఆవిడ నవ్వేది.

ఆ నెల ఒక ఛాంబర్ మొండికేసింది. రెండు రోజులు వేడి చేసి, చల్లార్చి, పంపు నడిపినా పీడనం కొలిచే గేజి ఒక అంకె దగ్గరే ఆగిపోయింది, కస్టమరు అడిగినంత కిందికి దిగలేదు. దాని అతుకులు వేసిన వెల్డరు రమణయ్య. నెల్లూరు వైపు మనిషి, బూన్ లేలో నలుగురితో కలిసి ఒక గదిలో ఉండేవాడు. అతుకుల మీద హీలియం చల్లి, అది లోపలికి చొరబడుతోందేమోనని రెండుసార్లు వెతికినా లీకు దొరకలేదు. పరీక్షకు అందనంత సన్న లీకు ఉండొచ్చనుకుని, వెల్డింగ్ లోపమని రిపోర్టు తయారుచేశాను. అది మేనేజరుకు చేరితే రమణయ్య వర్క్ పర్మిట్ రెన్యూ కాదని నాకు తెలుసు.

రిపోర్టు సంగతి విని రమణయ్య నా టేబుల్ దగ్గరకొచ్చాడు. "నా అతుకు కాదు సార్. కావాలంటే కోసి చూడండి. ఆ గేజి కొత్తది గదా, దాన్నెవురన్నా చూశారా?" అన్నాడు.

వెల్డరు నాకు గేజి పాఠం చెప్పడమేమిటని ఒళ్లు మండింది. అయినా వెళ్లి చూశాను. డిగ్యాస్ బటన్ ముట్టవద్దని గేజిని నడిపే కంట్రోలరు మీద చీటీ అంటించి ఉంది. చేతిరాత నాదే. గేజిల్లోని ఫిలమెంట్లు త్వరగా కాలిపోతున్నాయని, ఈ విభాగానికి వచ్చిన మొదటి వారంలో నేనే పెట్టిన ఆంక్ష అది.

గేజిలో వేడెక్కిన ఫిలమెంట్ నుంచి ఎలక్ట్రాన్లు బయలుదేరి ఒక తీగల జాలీని తాకుతాయి. దారిలో తగిలిన వాయువును అయాన్లుగా మారుస్తాయి. ఆ అయాన్లను బట్టే పీడనం తెలుస్తుంది. కానీ కొత్తగా బిగించిన గేజిలో, బయటి గాలి సోకిన జాలీకి నీటి ఆవిరి, ఇతర వాయువులు అంటుకుని ఉంటాయి. ఎలక్ట్రాన్ల దెబ్బకు అవి కొద్దికొద్దిగా ఊడివస్తూ ఉంటే, గేజి వాటినీ ఛాంబరు లెక్కలోనే చూపిస్తుంది. అదే దెబ్బ గట్టిగా కొట్టి, జాలీని ఎర్రగా కాల్చి, అంటుకున్నదంతా వదిలించి పంపుకు అప్పగించడమే డిగ్యాస్.

బటన్ నొక్కాను. పీడనం ఒక్కసారిగా పైకి లేచింది. పది నిమిషాలకు ఆపితే మెల్లగా దిగి, పాత అంకెను దాటి, కస్టమరు అడిగిన చోటికి చేరింది. నాకు సిగ్గేసింది.

పాత రిపోర్టు చింపేసి, కొత్తదానిలో కారణమనే గడిలో నా పేరు, నా ఆదేశం రాశాను. నాకంటే చాలా చిన్నవాడైన మేనేజరు అది చదివి, తన సింగపూర్ ఇంగ్లీషులో "అంకుల్, నెక్స్ట్ టైమ్ డిగ్యాస్ ఫస్ట్ లా" అని సంతకం పెట్టాడు. రమణయ్య పర్మిట్ రెన్యూ అయింది.

కొలిచే పరికరం కూడా కొలతలో తన వంతు కలుపుతుందని పుస్తకాల్లో చదివే ఉన్నాను. అయినా, అతుకు బాగుందని హీలియం రెండుసార్లు చెబితే నమ్మలేదు, గేజిని ఒక్కసారీ అనుమానించలేదు. మనిషి మీద రిపోర్టు రాసే ముందు గేజిని డిగ్యాస్ చేయాలి.