హార్మోనియం ఆగిన చోట

దయ్యాలనీ ఆత్మలనీ నేను ఏనాడూ నమ్మలేదు. తిరుపతిలో ఒక జూనియర్ కాలేజీలో ఇరవై ఆరేళ్ళుగా ఫిజిక్స్ చెబుతున్నాను. హాస్టల్ గదిలో గజ్జెల చప్పుడు వినిపిస్తోందని పిల్లలు భయపడితే, ఆ గదికి వెళ్ళి, కిటికీ రెక్కకు వేలాడుతున్న గొలుసు ఊడదీసి వాళ్ళ చేతిలో పెట్టినవాణ్ణి. ఇప్పుడు ఇది రాస్తున్నది ఎవరినీ నమ్మించడానికి కాదు. జరిగినప్పుడు నాకు భయం కూడా వేయలేదు. సిగ్గు వేసింది. ఇన్నాళ్ళు రాయకపోవడానికి కారణం అదే.

చిత్తూరులో ఉండే మా బావమరిది గిరికి పాటలు వినే పరికరాలంటే పిచ్చి. రెండేళ్ళ కిందట నాకు ఒక కన్వర్టర్ తెచ్చి ఇచ్చాడు. సబ్బుపెట్టె కంటే కొంచెం పెద్దది. కంప్యూటర్లో అంకెలుగా ఉన్న పాటను మళ్ళీ శబ్దంగా మార్చి స్పీకర్లకు పంపుతుంది.

"ఇప్పుడే బాగుండాదో లేదో చెప్పొద్దు బావా. రెండొందల గంటలు ఆడనీ. అప్పుడు దీని గొంతు తెరుచుకుంటాది" అన్నాడు.

నేను నవ్వాను. లోపలి భాగాలు వేడెక్కడానికి ఓ అరగంట పడితే పడుతుంది, ఆ తర్వాత మారేది పెట్టె కాదు, మన చెవి అలవాటు పడుతుంది, అంతే అని వాదించాను. ఊరికే వాదించడం దేనికి, పరీక్ష చేసి చూపిస్తానన్నాను. రోజూ కాలేజీ నుంచి వచ్చాక సాయంత్రం నాలుగు నుంచి ఆరు దాకా అదే కుర్చీలో, అదే వాల్యూమ్‌లో, ఒకే రికార్డింగు వినాలి. నేను లేనప్పుడు కూడా పెట్టెను ఆడిస్తూనే ఉండాలి. ఎన్ని గంటలైందో, ఏమి తేడా తెలిసిందో ఒక నోటు పుస్తకంలో రాయాలి.

రికార్డింగు బాగా తెలిసినదై ఉండాలని మా నాయన హరికథ క్యాసెట్ ఎంచుకున్నాను. మా నాయన హరికథకుడు. పూతలపట్టు దగ్గర ఒక ఊరి తిరునాళ్ళలో, పట్టపగలు పందిట్లో ఆయన కథ చెబుతుండగా నేనే రికార్డు చేశాను. అప్పుడు నేను ఇంటర్ రెండో సంవత్సరం. నాయన పోయాక ఆ క్యాసెట్‌ను కంప్యూటర్లోకి ఎక్కించుకున్నాను. అందులో ప్రతి దగ్గూ నాకు తెలుసు.

ఇరవై మూడో నిమిషంలో హార్మోనియం ఆగిపోతుంది. నాయన ఒక్కడే రెండు చరణాలు పాడతాడు. మళ్ళీ హార్మోనియం అందుకుంటుంది గానీ స్వరాలు తప్పి అందుకుంటుంది. జనం నవ్వుతారు. ఆగిన ఆ కాసేపట్లో నాయన గొంతు, వెనుక టేపు బుస తప్ప ఇంకేమీ ఉండదు. ఉండేది కాదు.

మొదటి యాభై గంటలు ఏ తేడా లేదని రాసుకున్నాను. డెబ్బై దాటాక తాళాల మోత వేరుగా, పందిరి ఆకుల గలగల వేరుగా తెలియడం మొదలైంది. ఓడిపోతున్నానే అనుకుంటూనే నిజాయితీగా రాశాను. నూట పదో గంట దగ్గర, హార్మోనియం ఆగిన చోట ఎవరో ఊపిరి ఎగబీలుస్తున్నట్టు వినిపించింది. నూట నలభైకి అది మాటైంది.

"రోంత నీళ్ళియ్యబ్బా. చెయ్యి ఆడ్లేదు."

దాని వెంటనే "ష్" అని ఒక కుర్ర గొంతు. అది నాది.

ఆ కాసిన్ని నీళ్ళు అడిగింది మునెప్ప మామ. నాయన దగ్గర పదిహేనేళ్ళు హార్మోనియం వాయించిన మనిషి. మాకు చుట్టం కాదు, పిలుపుకే మామ. నాకు స్వరాలు నేర్పింది ఆయనే. ఆ రోజు నేను టేప్ రికార్డర్ పెట్టుకుని ఆయన పక్కనే కూర్చున్నాను. రికార్డింగు ఎలా వస్తోందో తెలియడానికి ఒక చెవికి ఇయర్ ఫోన్ పెట్టుకున్నాను. నీళ్ళ చెంబు నా వెనకాలే ఉంది. లేచి అందిస్తే చప్పుడు టేపులో పడుతుందని, మొట్టమొదటిసారి చేస్తున్న రికార్డింగు పాడవుతుందని, ఆయన్ను ఊరుకోబెట్టాను. ఎడమచెయ్యి కదలక, ఆయన గాలి తిత్తి, మెట్లు రెండూ కుడిచేత్తోనే చూసుకుంటూ ఏదో ఒకలా వాయించి కథ గట్టెక్కించాడు.

మా నాయన పరువు గల మనిషి. జనం నవ్వడం ఆయనకు అదే మొదలు. పందిరి వెనక్కి వచ్చి నన్ను అడిగాడు.

"వాడు తాగొచ్చినాడా? నువ్వు పక్కనే ఉండావు కదా."

నీళ్ళడిగితే ఇవ్వలేదని చెప్పడానికి నోరు రాలేదు. "వాసనొచ్చింది నాయనా" అన్నాను.

మునెప్ప మామకు ఒకప్పుడు తాగే అలవాటు ఉండేది. కొండకు మొక్కుకుని రెండేళ్ళ ముందే మానేశాడు. అయినా నా మాటే నిలిచింది. నాయన అక్కడికక్కడే ఆయన్ను వద్దన్నాడు. కథ మధ్యలో తాగి వాయించాడన్న పేరు చుట్టుపక్కల ఊళ్ళన్నీ తిరిగింది. మరి ఎవరూ పిలవలేదు. ఆయన బెల్లం గానుగలో పనికి చేరాడు. నాలుగేళ్ళకు ఆ పొయ్యి ముందే గుండె ఆగి పడిపోయాడు. ఆ రోజు చెయ్యి ఎందుకు ఆడలేదో నాకు అప్పుడు అర్థమైంది. అర్థమయ్యాక కూడా నోరు విప్పలేదు. నాయనకు సైతం చెప్పలేదు.

కాబట్టి ఆ మాట వినపడగానే, నా మనసే దాన్ని పుట్టిస్తోందనుకున్నాను. మైకు ఉన్నది నాయన ముందు, మాకు ఆరేడు అడుగుల దూరాన. నాయన పాడుతుండగా గుసగుసగా అన్న మాట అంత దూరం నుంచి టేపు మీదికి ఎక్కడం జరగని పని. కానీ మూడో రోజు కాఫీ తెచ్చిన మా ఆవిడ సుజాత గ్లాసు చేతిలోనే పట్టుకుని నిలబడిపోయింది.

"ఎవురో పాపం నీళ్ళడగతా ఉండారే, ఎవురది?"

మునెప్ప మామ సంగతి ఆమెకు నేను ఎన్నడూ చెప్పలేదు. ఎవరో జనంలో మనిషి అయి ఉంటాడని దాటవేశాను.

తర్వాత నాకు తెలిసిన పరీక్షలన్నీ చేశాను. అదే ఫైలును ఫోన్లో విన్నాను, లేదు. కంప్యూటర్లో శబ్దాన్ని గీతలుగా వేసి ఆ చోటును పెద్దది చేసి చూశాను. నాయన పాట, బుస, అంతే. అటక మీది అసలు క్యాసెట్ దించి, తోటి లెక్చరర్ ఇంట్లో ఉన్న పాత ప్లేయర్లో వేయించాను, లేదు. గిరిని పిలిపించి అదే రకం కొత్త పెట్టె తెమ్మన్నాను. కొత్తదానిలో లేదు. వైర్లు మార్చి నా పెట్టెకు తగిలిస్తే ఉంది. గిరి కూడా విన్నాడు. వాడి ఆనందానికి అంతు లేదు. గంటల లెక్క తెలిసిందా బావా అని భుజం తట్టాడు. ఎవరి గొంతని వాడు అడగలేదు. వాడి ముందు నవ్వి, వాడు వెళ్ళాక స్నానాల గదిలోకి పోయి తలుపేసుకున్నాను.

మునెప్ప మామ కూతురు దేవకి పూతలపట్టు క్రాసులో టిఫిన్ అంగడి నడుపుతోంది. చిత్తూరుకు పోతూ వస్తూ వందసార్లు ఆ అంగడి ముందు నుంచి వెళ్ళి ఉంటాను. ఒక్కసారి కూడా ఆగలేదు. ఒక ఆదివారం పెట్టె, కంప్యూటర్, చిన్న స్పీకర్లు కారులో పెట్టుకుని బయల్దేరాను. పదకొండు గంటలకు, టిఫిన్ల రద్దీ తగ్గాక, లోపలి బల్ల దగ్గర కూర్చుని ఆమెకు చెప్పాను. వాసన వచ్చిందని ఆ రోజు నేను అన్నది అబద్ధమని చెప్పాను. మామ నీళ్ళడిగిన మాట ఈ పెట్టెలో వినిపిస్తోందని, ఆ రోజు నేను నీళ్ళు ఇవ్వలేదని చెప్పాను. "ష్" అన్నది మాత్రం దాచాను. ముప్పై ఏళ్ళు దాటాక క్షమాపణ అడగడానికి వెళ్ళి కూడా అంత చిన్న మాట దాచుకున్నాను.

ఆమె కోప్పడలేదు. దోసెల పిండి అంటిన చేతులు చూసుకుంటూ చెప్పింది.

"మా నాయన ఆ పొద్దే ఇంటికొచ్చి చెప్పినాడన్నా. ఆ పిల్లోడు చెవికి మిషను పెట్టుకోనుండాడు, నేనడిగింది వానికి ఇనపళ్ళేదు, వాణ్ణేమీ అనుకోవద్దండి అన్నాడు."

ఆయన నా తరఫున సాకు కూడా చెప్పిపెట్టాడు. దాన్ని అలాగే ఉండనిస్తే సరిపోయేది. కానీ ఆమె కళ్ళలోకి చూశాక ఉండనివ్వలేకపోయాను.

"ఇనపడింది దేవకమ్మా. ఒక చెవికే పెట్టుకోనుండాను" అన్నాను.

ఆమె లేచింది. చేతులు కడుక్కుని వచ్చి, పెట్టమంది.

ఇరవై మూడో నిమిషం వచ్చింది. హార్మోనియం ఆగింది. నాకు టేపు బుస తప్ప ఏమీ వినపడలేదు. ఊపిరి లేదు, మాట లేదు, నా గొంతు లేదు. కారు కుదుపులకు పెట్టెలో ఏదో కదిలిందేమో అనుకుంటూ ఆమె వైపు తిరిగాను. ఆమె స్పీకరుకు చెవి ఆనించి కళ్ళు మూసుకుని ఉంది.

"మా నాయనే" అంది. కళ్ళు తెరవకుండానే, "రెండుతూర్లు అడిగినాడు కదన్నా" అంది.

కాదు, ఒక్కసారే అడిగాడన్నాను. నా జ్ఞాపకంలో ఒక్కసారే. పెట్టెలో విన్నదీ ఒక్కసారే.

ఆమె తల అడ్డంగా ఊపింది. "మొదట నీళ్ళియ్యబ్బా అన్నాడు. నువ్వు ష్ అంటివి. మళ్ళా, రోంతే చాలబ్బా అన్నాడు."

నేను దాచిన మాట ఆమె నోటి నుంచి వచ్చాక నాకు తల ఎత్తాలనిపించలేదు. ఇంకోసారి పెట్టమని ఆమె అడగలేదు. స్పీకర్ల వైర్లు నేను చుడుతుంటే అంది.

"నాకు చెప్తే ఏమొస్తాదన్నా. మా నాయన తాగలేదని నాకు అప్పుడే తెలుసు. ఆ పందిట్లో చెప్పు."

ఆ వేసవి తిరునాళ్ళలో చెప్పాను. పగటి హరికథ మొదలయ్యే ముందు, పెద్దల అనుమతి అడిగి, మైకు ముందు నిలబడి ఐదు నిమిషాలు మాట్లాడాను. పాఠం చెప్పే గొంతు ఆ రోజు నాకు సాయం రాలేదు. పందిట్లో ఎనభై మంది ఉంటారేమో. ముందు వరుసలో ఒక పెద్దాయన పక్కనున్న మనిషిని అడగడం మైకు దగ్గరికి కూడా వినిపించింది: "ఎవురప్పా మునెప్ప?" ఆయన్ను ఎరిగినవాళ్ళు ముగ్గురే మిగిలారు. వాళ్ళలో ఒకాయన నేను దిగి వస్తుంటే ముఖం పక్కకు తిప్పుకున్నాడు. దేవకి చివరిదాకా కూర్చుని, కథ విని, అంగడికి వెళ్ళిపోయింది.

ఇప్పటికీ మా మధ్య రాకపోకలు లేవు. చిత్తూరు వెళ్ళేటప్పుడు అక్కడ ఆగి టిఫిన్ తింటాను. ఆమె అందరికీ పెట్టినట్టే పెడుతుంది.

పెట్టె మా ఇంట్లోనే ఉంది. ఇంటికి తెచ్చి పెట్టిన రోజు సాయంత్రమే మొదటి మాట మళ్ళీ వినిపించింది, దాని వెనక నా "ష్" వినిపించింది. ఈ రోజుకీ వినిపిస్తాయి. గంటల లెక్క రాయడం మానేశాను. కొన్ని వేల గంటలు అయి ఉంటుంది. దీనికి కారణం ఏమిటని నా విద్యార్థులెవరైనా అడిగితే చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు. పూతలపట్టులో నాకెందుకు వినపడలేదో, నేను చెప్పని మాట ఆమెకు ఎలా వినపడిందో తెలియదు.

మునెప్ప మామ రెండోసారి అడిగిన చోటు ఎక్కడో నాకు ఇప్పుడు తెలుసు. ప్రతిసారీ అక్కడ స్పీకరుకు చెవి ఆనించి వింటాను. అది మాత్రం నాకు ఇంతవరకు వినపడలేదు.